పిప్పి జిగురు

పిచ్చుక అసలు పేరు ల్యాబులో జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పటి నుంచీ ఒకచోట కాలు నిలవదు, నోరు మూతపడదు. అందుకని వాళ్ళన్నయ్య పెట్టిన పేరు అది. అదే పేరు ఆమె వెంటపడి బడికీ కాలేజీకీ వచ్చింది, చివరికి ఉద్యోగంలోనూ చేరింది. దానికి కారణం వదిన. అన్నయ్య భార్య అప్పటికే ఆ ల్యాబులో సీనియరు. పిచ్చుక చేరిన మొదటి రోజే ఆమె నలుగురి ముందూ "పిచ్చుకా, ఇలా రావే" అని కేక వేసింది. ఇంక చెప్పేదేముంది.

ఊళ్ళో క్యాంటీన్లు, హోటళ్ళు పారేసే కాఫీ పిప్పీ టీ పిప్పీ తెచ్చుకుని, వాటిలోంచి పరిశ్రమలకి పనికొచ్చే రసాయనాలు తీయడం ఆ ల్యాబు పని. వదినది టీ. కాచి వడగట్టేసిన ఆకులో కూడా ఇంకా బోలెడంత వగరు మిగిలి ఉంటుంది. దాన్నే టానిన్ అంటారు. ఆ వగరును వేడినీళ్ళలోకి దింపి, చిక్కబరిచి, చెక్కలు అతికించే జిగురు చేయాలని ఆమె పంతం. పిచ్చుకది కాఫీ. కాఫీ పిప్పిని కాస్త యాసిడ్ కలిపిన నీళ్ళలో వేసి, ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్నలాంటి ఉక్కు పాత్రలో ఉడికిస్తే, అందులో దాగిన చక్కెరలు బయటికొస్తాయి. ఇంకా ఉడికిస్తే ఆ చక్కెరలు రంగుల తయారీలోనూ ప్లాస్టిక్ తయారీలోనూ వాడే ఒక యాసిడ్‌గా మారతాయి.

పిప్పి ఎండబెట్టే ట్రేలు మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే వరుస. రోజూ ఉదయం అక్కడే గొడవ.

"వదినా, నిన్నంతా ట్రేలు నీవే. ఇవాళ నావి."

"నీ కాఫీ పొడి ఇసకలా ఉంటుంది. పట్టా మీద పరిచినా ఎండుతుంది. నా ఆకు అలా కాదు, మధ్యాహ్నానికల్లా బూజు పట్టేస్తుంది."

"ఇంట్లో పెత్తనం చాలక ఇక్కడ కూడానా?"

"ఇంట్లో నా పెత్తనమా? నిన్న కూరలో ఉప్పు ఎక్కువైందని నాలుగుసార్లు అన్నది ఎవరే?"

ఇలా అనుకుంటూనే ట్రేలు సగం సగం పంచుకునేవారు. సాయంత్రం ఒకే స్కూటర్ మీద ఇంటికెళ్ళేవారు.

ఇద్దరికీ పని ముందుకు సాగడం లేదు. వదిన చేసిన జిగురు చూడటానికి బాగానే ఉండేది కాని, గట్టిపడేది కాదు. అది గట్టిపడాలంటే ఫార్మాలిన్ కలపాలి. ఫ్యాక్టరీల్లో వాడే చెక్క జిగుర్లలో దాదాపు అన్నిటిలోనూ అదే ఉంటుంది. వదిన దాని పేరెత్తితే చాలు మొహం గంటుపెట్టుకునేది. కారణం ఇంట్లోనే ఉంది. అన్నయ్య ప్లైవుడ్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. పలుచని చెక్క పొరలకి జిగురు పూసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, వేడి ప్రెస్సులో పెట్టి నొక్కుతారు. ప్రెస్సు తెరిచినప్పుడల్లా ఫార్మాలిన్ ఆవిరి గుప్పుమని లేస్తుంది. అన్నయ్య రోజూ సాయంత్రం కళ్ళల్లో కారం కొట్టినట్టు ఎర్రటి కళ్ళతో ఇంటికొచ్చేవాడు, రాత్రంతా దగ్గేవాడు. "ఆ దరిద్రాన్ని తీసేయడానికే నేనీ పని చేస్తున్నా. మళ్ళీ దాన్నే తెచ్చి కలపమంటే ఎలా?" అనేది వదిన.

పిచ్చుక కష్టం వేరు. ఆమె యాసిడ్ వచ్చేది కాని, చాలా కొంచెం. మిగతాదంతా నల్లటి మడ్డిగా మారి పాత్ర గోడలకి కరుచుకునేది.

ఒకరోజు డైరెక్టరు గారు వాళ్ళ గదికొచ్చి, కిటికీ దగ్గర నిలబడి, వినేవాళ్ళ మీద జాలిపడుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇద్దరూ బాగా కష్టపడ్డారమ్మా. కాదనను. కానీ ఇంక చాలు. నెలాఖరుకి రెండూ ఆపేద్దాం. రిపోర్టు రాసివ్వండి, వేరే పని చూస్తాను."

ఆయన వెళ్ళాక పిచ్చుక కోపమంతా ఆ ఉక్కు పాత్ర మీద చూపించింది. ఎలాగూ తిరిగి అప్పగించాలి కాబట్టి శుభ్రం చేయాలని, వైరు బ్రష్షు పట్టుకుని సింకు దగ్గర కూర్చుంది. ఆ రుద్దుడికి గదంతా గీరుమంటోంది.

"ఏమిటే ఆ చప్పుడు? సింకు పీకేస్తావా ఏమిటి?" అంది వదిన.

"ఇది నీ మొగుడి కంటే మొండిగా ఉంది వదినా! గరిటె లోపల వదిలేశాను. గోడకి అతుక్కుపోయింది. యాసిడ్ పోశాను, సబ్బు పోశాను, సుత్తితో కొట్టాను. ఊఁహూఁ!"

వదిన రాస్తున్న రిపోర్టు మీంచి తలెత్తింది.

"ఏమన్నావు?"

"నీ మొగుడు మొండివాడన్నాను. అబద్ధమా?"

"అది కాదు. సుత్తితో కొట్టినా రావట్లేదా?"

"రావట్లేదు. కావాలంటే నువ్వు కొట్టు."

వదిన లేచి వచ్చి పాత్రలోకి తొంగిచూసింది. గరిటె పట్టుకుని లాగింది. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి మళ్ళీ లాగింది. గరిటె కదల్లేదు సరికదా, పాత్రే సింకులోంచి పైకి లేచింది. ఆమె అలా పాత్రని గరిటెతో వేలాడదీసి పట్టుకుని కాసేపు చూసింది. ఆ తర్వాత మెల్లగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అడిగింది.

"చక్కెర తిన్నగా యాసిడ్ అయిపోదుగా. మధ్యలో ఇంకోటవుతుంది కదూ?"

"అవుతుంది. ఆ మధ్యలోదే నా ప్రాణం తీస్తోంది. దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది. దాన్ని అదే పట్టుకుంటుంది. అందుకే ఇలా మడ్డి కడుతుంది. దాన్ని ఎంత త్వరగా దాటిస్తే..."

"దాటించకు."

"ఆఁ?"

"అక్కడే ఆపు. నా టానిన్‌కి కావలసింది అదే కదే! పక్కదాని చెయ్యి పట్టుకునేది ఏదో ఒకటి ఉండాలి. ఫార్మాలిన్ చేసే పని అదేగా. నీ కాఫీలో పుట్టే ఆ మొండిదాన్ని నాకిచ్చెయ్!"

పిచ్చుక చేతిలోని బ్రష్షు సింకులో పడింది.  ఆ వెంటనే మాటలన్నీ ఒకేసారి వచ్చాయి. "ఇన్నాళ్ళూ ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ట్రేల కోసం కొట్టుకున్నాం కదే వదినా, ఎవరైనా వింటే ఉమ్మేస్తారు, పద, పిప్పి సంచి ఎక్కడుంది, ఐసు ఉందా, ఐసు కావాలి, వెంటనే చల్లార్చాలి, లేకపోతే దాటిపోతుంది" అంటూ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగింది. వదిన అప్పటికే చేతి తొడుగులు వేసుకుంటోంది.

పాత్ర గోడకున్న గరిటెను అలాగే ఉంచి, పక్క గది నుంచి ఇంకో పాత్ర అడిగి తెచ్చారు. కాఫీ పిప్పి ఉడుకుతుంటే పిచ్చుక దానికి కాపలా కూర్చుంది. ఇదివరకు మూత తీయడానికి తొందరేమీ ఉండేది కాదు. ఇప్పుడు కాస్త ముందు ఆపితే చక్కెర చక్కెరగానే ఉంటుంది. కాస్త ఆలస్యమైతే మడ్డి. మొదటిసారి తొందరపడింది. రెండోసారి ఆలస్యమైంది. ఆ మరుసటి రోజు పాత్రని ఐసు నీళ్ళ తొట్టిలో ముంచి మూత తీసేసరికి, కాల్చిన చక్కెర వాసనతో, చిక్కటి తేనె రంగులో పాకం కనిపించింది.

"ఇదే, ఇదే!" అని పిచ్చుక గంతేసింది. తొట్టిలో నీళ్ళు ఆమె చెప్పుల్లోకి పోయాయి.

వదిన తన టీ రసాన్ని అందులో కలిపింది. రెండు పలుచని చెక్క ముక్కల మధ్య పూసి, బిగింపులు బిగించి, ఓవెన్‌లో పెట్టింది. ఓవెన్ కిటికీ దగ్గర ఇద్దరూ తలలు ఆనించి నిలబడ్డారు. బయటికి తీశాక ఒక కొస వదిన, ఒక కొస పిచ్చుక పట్టుకుని లాగారు. రాలేదు. గోళ్ళు దూర్చి విడదీయబోయారు. పిచ్చుక గోరు విరిగింది కాని ముక్కలు విడలేదు.

"నవ్వకు. ఇంకా ఉడకబెట్టాలి," అంది వదిన. తను మాత్రం చెవుల దాకా నవ్వుతూనే ఉంది.

మంచి ప్లైవుడ్‌ని సలసల మరిగే నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. వాళ్ళ ముక్కలు గిన్నెలో వేసిన కాసేపటికే చెరో దిక్కున తేలాయి. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. పిచ్చుక ముఖం మాడిపోయింది. వదిన మాత్రం గిన్నె ముందు కుర్చీ వేసుకుని ఆలోచించింది. పాకంలో యాసిడ్ మిగిలి ఉంటే టానిన్ పైపైనే బిగుసుకుంటుంది, లోపల మెత్తగానే ఉండిపోతుంది. సోడా కలిపి యాసిడ్ విరిచి చూసింది. వేడి పెంచి చూసింది. పాళ్ళు మార్చింది. ఇంట్లో వంట బాధ్యత మొత్తం అన్నయ్య మీద పడింది. అతను గొణుక్కుంటూ వండేవాడు. వీళ్ళు ఏం తింటున్నారో చూసుకోకుండా తినేవారు.

ఒక మధ్యాహ్నం గిన్నెలో ముక్కలు మరిగి మరిగి చెక్క రంగే మారిపోయింది. పొరలు మాత్రం విడలేదు. వదిన వాటిని పట్టకారుతో బయటికి తీసి, తడి తడిగానే పిచ్చుక చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని అక్కడే గుండ్రంగా తిరిగారు, చిన్నపిల్లల్లా.

అన్నయ్య ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకుని ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాడు. యజమాని తక్కువ మాట్లాడే మనిషి. చెక్క విషయంలో ఎవరి మాటా నమ్మడు, చేతిలోని ఉలినే నమ్ముతాడు. ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "అగ్గిపుల్లలు అతికించడం వేరు, పలక అతికించడం వేరు. భోజనాలప్పుడు చిన్న ప్రెస్సు ఖాళీగా ఉంటుంది. తీసుకురమ్మను," అన్నాడు.

జిగురు బకెట్టుని స్కూటర్ మీద మధ్యలో పెట్టుకుని వెళ్ళారు ఇద్దరూ. ఫ్యాక్టరీలో ఒక పక్క పెద్ద దుంగ గిరగిర తిరుగుతుంటే కత్తి దాన్నుంచి కాగితం చుట్టలా చెక్క పొర ఒలుస్తోంది. గాల్లో రంపపు పొట్టు. చిన్న ప్రెస్సు దగ్గర ముక్కుకి తడి తువ్వాలు కట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని ప్రెస్సు బాబాయి అంటారు.

"ఏంటమ్మా ఇది, వాసనేంటి ఇంత కమ్మగా ఉంది?" అన్నాడు బకెట్టులోకి వంగి.

"కాఫీ, టీ కలిపాం బాబాయ్. చక్కెర లేదు," అంది పిచ్చుక.

పొరలకి జిగురు పూశారు. పేర్చారు. ప్రెస్సు మూసుకుంది. లోపల పలక ఉడుకుతున్నంతసేపూ వదిన కళ్ళు మూసుకుని నిలబడింది. పిచ్చుక ప్రెస్సు చుట్టూ తిరిగింది. యజమాని కొంచెం దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాబాయి మీట లాగాడు, ప్లేట్లు విడిపోవడం మొదలైంది.

ఢామ్మని పేలింది.

ఆవిరి తెల్లగా ఎగిసింది. ఆ మూల నుంచి ఎవరో "ఏమైంది?" అని అరిచారు. ఆవిరి తగ్గాక చూస్తే పలక మధ్యలో పూరీలా పొంగి, పైపొర నిలువునా చీలిపోయి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

యజమాని తల అడ్డంగా ఊపాడు. "నేను ముందే చెప్పాను," అని వెనక్కి తిరిగాడు.

"అయ్యగారూ!" అన్నాడు బాబాయి. తువ్వాలు ఎప్పుడు తీసేశాడో, ఆయన మెడలో వేలాడుతోంది. "ఒక్క మాట. ఇన్నేళ్ళలో ప్రెస్సు తెరిచినప్పుడు నేను తువ్వాలు లేకుండా ఇక్కడే నిలబడటం ఇదే మొదటిసారి. నా కళ్ళు చూడండి. నీళ్ళు కారుతున్నాయా? పేలితే పేలింది. ఇంకోసారి చేయనివ్వండి."

యజమాని ఆగి ఆయన కళ్ళ వైపు చూశాడు. 

"రేపు. ఇదే టైముకి," అని వెళ్ళిపోయాడు.

పేలిన పలకని ఇద్దరూ ల్యాబుకి మోసుకొచ్చారు. వదిన దాన్ని రంపంతో అడ్డంగా కోసి భూతద్దం పెట్టి చూసింది. ఉబ్బినచోట తప్ప మిగతా అంతటా పొరలు రాయిలా కరుచుకుని ఉన్నాయి.

"జిగురు తప్పు లేదు," అంది గట్టిగా ఊపిరి పీల్చుకుని. "నీళ్ళు ఎక్కువైపోయాయి. లోపల ఆవిరి పుట్టింది, బయటికి దారి లేక చీల్చుకుని వచ్చేసింది. ఇంకా చిక్కగా కాచాలి."

అడుగంటకుండా కాచాలంటే కలుపుతూనే ఉండాలి. చేతులు మార్చుకుంటూ తిప్పారు. చిక్కపడేకొద్దీ గరిటె బరువెక్కింది. సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారు తలుపు తోసుకుని వచ్చాడు.

"రిపోర్టు ఏమైందమ్మా?"

"సార్, ఈ గరిటె ఒక్క నిమిషం పట్టుకోండి. ఆపకండి, అడుగంటుతుంది," అంది పిచ్చుక. ఆయన కోటు చేతులు పైకి లాక్కుని గరిటె పట్టుకున్నాడు. వదిన ఆయన పక్కన నిలబడి జరిగిందంతా చెప్పుకొచ్చింది. ఆయన తిప్పుతూ విన్నాడు. వింటూ వింటూ తిప్పడం వేగం పెంచాడు. చివరికి "రేపు నేనూ వస్తాను," అన్నాడు. రిపోర్టు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు అన్నయ్య చెక్క పొరల్ని డ్రయ్యర్‌లో ఇంకోసారి ఆరబెట్టించి సిద్ధంగా ఉంచాడు. ఈసారి జిగురు బెల్లం పాకంలా సాగింది. ముందు రోజు పేలుడు సంగతి ఫ్యాక్టరీ అంతా పాకినట్టుంది. భోజనం డబ్బాలు చేత్తో పట్టుకుని జనం ప్రెస్సు చుట్టూ చేరారు.

"దూరంగా ఉండండి, మళ్ళీ పేలుతుందేమో," అన్నారు ఎవరో.

"పేలితే నా మీదే పేలుతుంది, మీరు తినండి," అన్నాడు బాబాయి.

ప్రెస్సు మీద ముల్లు తిరిగి ఆగింది. బాబాయి మీటని ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా లాగాడు. ప్లేట్ల మధ్య నుంచి సన్నగా బుస్సుమని ఆవిరి. పిచ్చుక వదిన భుజాన్ని గిల్లేస్తోందని ఇద్దరికీ తెలియలేదు. ప్లేట్లు ఇంకా విడిపోయాయి. ఇంకా. పేలలేదు.

పలక బయటికొచ్చింది. నున్నగా, సమంగా, ఒక్క పొంగు లేకుండా. అంచున పొరల మధ్య జిగురు నల్లటి గీతల్లా కనిపిస్తోంది. వాసన కాఫీ కొట్టు ముందు నిలబడ్డట్టే ఉంది.

యజమాని ముందుకొచ్చాడు. ఉలి తీసి పలక అంచున, సరిగ్గా ఆ నల్లగీత మీద ఆనించాడు. సుత్తితో ఒక్క దెబ్బ. ఉలి లోపలికి దిగింది.  ఆయన ఉలి పిడిని మెల్లగా కిందికి నొక్కాడు. టప్‌మంది. పైపొర లేచింది.

పిచ్చుక "అయ్యో" అంది.

"అయ్యో కాదు," అన్నాడు యజమాని. ఆయన గొంతులో ఏదో మారింది. "ఇలా వచ్చి చూడు."

లేచిన పొర అడుగున చెక్క పీచులు చిరిగి, గడ్డిపోచల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఊడింది జిగురు దగ్గర కాదు. చెక్కే చిరిగింది. పట్టు చెక్క కంటే గట్టిగా ఉంది.

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. యజమాని చెయ్యెత్తి ఆపాడు. "ఉడకబెట్టాక కొట్టండి."

ముక్క కోసి మరిగే నీళ్ళ తొట్టిలో వేశారు. ఆ సాయంత్రం దాకా వదినా పిచ్చుకా డైరెక్టరు గారూ అక్కడినుంచి కదల్లేదు. పని మళ్ళీ మొదలైనా, అటుగా వెళ్ళే ప్రతివాళ్ళూ తొట్టిలోకి తొంగిచూసి వెళ్ళారు. డైరెక్టరు గారు ఫోన్ మోగినా ఎత్తలేదు. ముక్కని తీసినప్పుడు యజమాని మళ్ళీ ఉలి ఆనించి నొక్కాడు. చెక్క చిరిగింది. ఇంకో అంచున ఆనించాడు. అక్కడా చెక్కే చిరిగింది.

ఆయన ఉలిని జేబులో పెట్టుకున్నాడు.

"అంచు నల్లగా ఉంది. బీరువాలవాళ్ళు వద్దంటారు," అన్నాడు. వదిన ఖాళీ బకెట్టు అందుకోబోయింది. "పెట్టెలకీ, నేల కింద పరిచే పలకలకీ రంగెవడు చూస్తాడు? వాటి లైనుకి మీ జిగురే వాడతా. సోమవారానికి ఎంత తేగలరు?"

"ఒక బకెట్టు," అంది వదిన.

"డ్రమ్ము," అంది పిచ్చుక అదే క్షణంలో.

యజమాని పెదాలు మొదటిసారి చిన్న నవ్వుతో వంకర తిరిగాయి. "డ్రమ్మే తెండి."

అన్నయ్య భార్య తలమీద పడిన రంపపు పొట్టు దులిపాడు. దులుపుతూనే ఉన్నాడు. "ఇంక చాలండీ, అందరూ చూస్తున్నారు," అంది వదిన.  డైరెక్టరు గారు అప్పటికే పెద్ద పాత్ర ఎవరి దగ్గర దొరుకుతుందోనని ఫోన్లు మొదలుపెట్టాడు.

వదినకీ పిచ్చుకకీ రోడ్డు మీదికొచ్చాక గాని అసలు సంగతి తట్టలేదు.

"వదినా, డ్రమ్ము జిగురుకి పిప్పి ఎక్కడుంది మన దగ్గర?"

"లేదు. ఈ నెల వచ్చిందంతా కాచేశాం."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోడ్డుకి అవతల ఒక కాఫీ కొట్టు వెలుగుతోంది. సాయంత్రం రద్దీ అప్పుడే మొదలైంది. పిచ్చుక వదిన చెయ్యి పట్టుకుని లాక్కుంటూ రోడ్డు దాటింది.

"ఏం కావాలమ్మా, కాఫీయా, టీయా?" అన్నాడు కొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"తాగడానికి ఏమీ వద్దండీ," అంది పిచ్చుక రొప్పుతూ. "తాగేశాక మిగిలింది కావాలి. పిప్పి."

కొట్టాయన ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. జుట్టు నిండా పొట్టు. మోచేతుల దాకా ఎండిన నల్లటి జిగురు. "మొక్కలకా?" అన్నాడు అనుమానంగా.

"పలకలకి," అంది వదిన. "రేపు కూడా వస్తాం. ఎల్లుండి కూడా. పారేయకుండా దాచి ఉంచండి."

ఆయన తల గోక్కుంటూ బల్ల కింద నుంచి నీళ్ళోడుతున్న సంచి ఒకటి లాగాడు. ఇంకా వేడిగా ఉంది. వదిన ఒక కొస, పిచ్చుక ఒక కొస పట్టుకుని పైకెత్తారు. నడివీధిలో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడని వదిన, సంచి నీళ్ళు పాదాల మీద కారుతుంటే లెక్కచేయకుండా, పక్క కొట్టు వైపు గడ్డం చూపించి గట్టిగా అరిచింది.

"అదిగో, అక్కడ టీ మరుగుతోంది! పద పద, పారబోసేస్తారు!"